దీవికి ఒక్కటే లాంచీ

పోయిన వారం తక్కెడమ్మ సేవల గదికి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుని, ఏమీ ఎరగనట్టు కొట్టులోకి వచ్చి కూర్చుంది. ఆ గదిలో సరంగు పెళ్ళామూ, వాళ్ళ ఆరేళ్ళ పాపా ఉన్నారు. ఒకరికి చెయ్యి వాచి మడత పడడం లేదు. ఒకరికి ఊపిరి సరిగ్గా ఆడడం లేదు.

దీవిలో ఆఫీసంటూ ఏదీ లేదు, ఆసుపత్రంటే సిస్టరుండే ఒక్క ఇరుకు గదే. డాక్టరు వచ్చినా, పింఛన్ల ఆయన వచ్చినా, అంగన్‌వాడీ తనిఖీకి ఎవరొచ్చినా రేవు పక్కన తక్కెడమ్మ కొట్టు వెనక గదిలోనే కూర్చుంటారు. అందుకే అది సేవల గది. పక్క వరండాలో ఒంటరి ముసలివాళ్ళకి మధ్యాహ్నం భోజనం పెడతారు. గది ఇచ్చినందుకు తక్కెడమ్మ అద్దె అడగలేదు. సాయం కోసం వచ్చినవాళ్ళెవరూ ఉప్పో సబ్బో కొనకుండా పోరు కాబట్టి లెక్క సరిపోయిందనేది. మంచితనాన్ని కూడా అలా తూచి చెబితే గానీ ఆవిడకి తృప్తి ఉండదు.

ఆ తెల్లవారుజామున సరంగు పెళ్ళాం పాపని చంకనేసుకుని పెరటి దోవన వచ్చింది. తక్కెడమ్మ, దీవి ఆసుపత్రి సిస్టరు కలిసి అవతలి ఒడ్డున మహిళల సాయం ఆఫీసుకి ఫోను చేశారు. రేపు మొదటి లాంచీలో పోలీసమ్మలని వెంటబెట్టుకు వస్తాను, తల్లీబిడ్డల్ని ఆశ్రయానికి తీసుకుపోతాను, అప్పటిదాకా దాచండి అంది అక్కడి మేడం. పాపకి ఆవిరి పట్టే మిషను సిస్టరు తెచ్చింది. మాస్కు ఇంట్లోనే ఉండిపోయింది. దీవిలో మందూ అయిపోయింది. పెద్దాసుపత్రికి ఫోను చేసి, రెండూ లాంచీలో పంపమన్నారు. ఫోను పెట్టేసి ముగ్గురూ అమ్మయ్య అనుకున్నారు.

ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. దీవి వాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. కాళ్ళ కింద నేల గురించి ఎవరూ ఆలోచించనట్టే వాళ్ళు లాంచీ గురించి ఆలోచించరు. 'లాంచీలో పంపండి' అనడం వాళ్ళకి 'సరే, ఉంటాను' అనడం లాంటిది. ఆ లాంచీ నడిపేది సరంగేనని గుర్తొచ్చేసరికి రేవులో హారన్ మోగింది.

*

"అత్తా! మందుల పెట్టె ఇదిగో. సిస్టరెక్కడ?"

సరంగు పెట్టెని భుజం మీంచి దించాడు. మనిషి పొడగరి. నవ్వితే కళ్ళు చిన్నవవుతాయి. కడిగిన మొహం, ఉతికిన చొక్కా. తక్కెడమ్మ కళ్ళు ముందు అతని చేతుల మీదికి పోయాయి. కుడిచేతి వేళ్ళ కణుపులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"దీవి ఆ చివర, మంచాన పడ్డ ముసలాయనకి కట్టు మార్చడానికి వెళ్ళింది. అక్కడ పెట్టెయ్ అల్లుడూ. వచ్చాక చూసుకుంటుంది."

సరంగు పెట్టి పోలేదు. బస్తాలు తూచే కాటా మీద, ఎప్పుడూ కూర్చునేచోటే, చతికిలబడ్డాడు. ముల్లు గిర్రున తిరిగి ఆగింది.

"చూడత్తా, ఎంత తూగుతున్నానో. పెళ్ళాం వదిలేసి పోతే మనిషన్నవాడు చిక్కిపోవాలిగా!"

వరండాలో భోజనం చేస్తున్న ముసలివాళ్ళు నవ్వారు. వాళ్ళలో రేడియో తాత అని ఒకాయన ఉన్నాడు. పొద్దున మొదలుపెడితే నిద్రపోయేదాకా ఆపడు. చెవులు మాత్రం ఎప్పుడో మందగించాయి, అరిచి చెబితేనే వినిపిస్తుంది.

"పోవడమేంట్రా? అలిగిందా?" అని అక్కణ్ణించే కేకేశాడు.

"అలిగింది తాతా! పాపని కూడా తీసుకుపోయింది!"

"మా ఆవిడ అలిగితే బావి దాకా పోయేదిరా. ఎలాగూ వచ్చాను కదా అని బిందె నింపుకుని తిరిగొచ్చేది. నీ పెళ్ళామూ వస్తుందిలే!"

"ఎక్కడికి పోతుంది తాతా? నా లాంచీ ఎక్కలేదు. ఎక్కలేదంటే దీవిలోనే ఉన్నట్టు. దీవెంత, నా అరచెయ్యంత!"

మళ్ళీ నవ్వులు. వాళ్ళ తప్పేమీ లేదు. తుఫాను రోజున రేడియో తాత భార్యని గుండెనొప్పితో అవతలికి చేర్చింది ఈ సరంగే. ఎవరికి కాన్పు కష్టమైనా, ఎవరి బిడ్డని పాము కరిచినా, ఏ వేళప్పుడు తలుపు తట్టినా చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చేది ఇతనే. తక్కెడమ్మ అదంతా ఒక తక్కెట్లో వేసి చూసింది. రెండో తక్కెట్లో ఒక ఆడమనిషి వాచిన చెయ్యి. ఊరి వాళ్ళని తూచమంటే ముల్లు ఎటు మొగ్గుతుందో ఆవిడకి తెలుసు. ఈ మనిషిని జైల్లో పెడితే రేపు మనల్ని ఆసుపత్రికి ఎవరు చేరుస్తారని అడుగుతారు. అడగడంలో న్యాయం లేదని కూడా ఆవిడ అనలేకపోయింది. అదే భయం.

సరంగు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల అరచేతిలో ఇమిడే మాస్కు. దాని మీద చేపబొమ్మ.

"పెట్టెలో ఇది ఉందత్తా. పిల్లల మాస్కు. దీవిలో దీన్ని పెట్టుకునే పిల్ల ఒక్కతే. దాని మాస్కు మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. మరి ఇదెవరికి?"

తక్కెడమ్మ చేతులు పొట్లం కట్టడం ఆపలేదు. నలభై ఏళ్ళ వ్యాపారం ఆ చేతులకి నేర్పింది అదే. లోపల ఎంత కంగారున్నా దారం చుట్టు తప్పకూడదు.

"నన్నడిగితే నేనేం చెప్తాను? పప్పులమ్ముకునేదాన్ని. ఆసుపత్రిలో ఒకటి ఎక్కువ ఉంచుకోమని పైవాళ్ళు చెప్పారేమో."

"పైవాళ్ళా!" సరంగు నవ్వాడు. "దూది అడిగితే ఆరు నెలలకి పంపే పైవాళ్ళు, అడక్కుండా మాస్కు పంపారంటావా?"

అప్పుడు వినిపించింది. గోడవతల సన్నని ఈల. ఊపిరి లోపలికి పోలేక గీరుకుంటున్న చప్పుడు. దాని వెనకే చిన్న దగ్గు. ఎవరో చేత్తో మూసినట్టు సగంలో తెగిపోయింది.

సరంగు తల ఎత్తాడు.

తక్కెడమ్మ లేచి, గోడవారనున్న పిండిమర మీట నొక్కింది. మోటారు బుర్రుమంది. కొట్టంతా అదిరింది. డబ్బాల మూతలు గలగలలాడాయి.

"ఎవరి పిండత్తా?" సరంగు గొంతు పెంచి అడిగాడు. "ఖాళీగా ఆడుతోందే! ఖాళీ మర తిప్పితే రాళ్ళు అరుగుతాయని నువ్వే కదా అందరినీ తిట్టేది!"

నిజమే. మర తొట్టిలో గింజ లేదు. కంగారులో చూసుకోలేదు.

"పోస్తున్నా కదయ్యా, ముందు వేడెక్కనీ," అని పక్కనున్న గోధుమల బస్తా మూతి విప్పింది. చేటతో ఎత్తి పోసింది.

పోశాకే గుర్తొచ్చింది. మర పైన గోడకి గాలి కోసం వదిలిన కన్నం ఉంది. పిండి ఎగిరితే అటే పోతుంది. పోయిన ఏడాది డాక్టరు ఆ గదిలో కూర్చుని, ఈ ధూళితో రోగులు లేనిపోని జబ్బులు తెచ్చుకుంటారమ్మా అని విసుక్కుంటే, కాలెండరు అడ్డం పెడతానంది. పెట్టలేదు. తెల్లటి పొగలా పిండి లేచి, నింపాదిగా కన్నంలోకి పోతోంది. ఊపిరాడని పసిదాని మీదికి.

మర ఆపితే దగ్గు వినిపిస్తుంది. ఆపకపోతే ధూళి దాన్ని తినేస్తుంది. ఆవిడ జీవితంలో ఎన్నో బేరాలు చేసింది. రెండు వైపులా తనే నష్టపోయే బేరం ఎన్నడూ చెయ్యలేదు. ఇంకో చేటెడు పోసింది. సగం కింద పడింది.

సరంగు కాటా మీంచి లేచి దగ్గరికొచ్చాడు. చెవి దగ్గర మాట్లాడాడు. మర హోరులో ఆ మాటలు ఆవిడకి తప్ప ఎవరికీ వినబడవు.

"పొద్దున నాకు ఫోనొచ్చిందత్తా. మహిళల సాయం ఆఫీసు నుంచి. రేపు మొదటి ట్రిప్పులో సీట్లు అట్టే పెట్టమన్నారు. మర్యాదస్తులు, ఎప్పుడొచ్చినా ముందు చెప్తారు. వచ్చేటప్పుడు మూడు సీట్లు, తిరిగి పోయేటప్పుడు అయిదట."

తక్కెడమ్మ కింద పడ్డ గింజలు చేటలోకి ఎత్తసాగింది.

"నాకు చదువు రాదు గానీ కూడికలు వచ్చు. ఒక పెద్దదీ, ఒక చిన్నదీ. ఔనా?"

"ఎవరి సంగతో నాకేం తెలుసు నాయనా?"

"పాపం వాళ్ళు రాలేరులే. రేపు లాంచీ లేదు. గేరులో ఏదో చప్పుడొస్తోంది. మెకానిక్ రావాలి. వాడూ అవతలి ఒడ్డు మనిషే. వాడు రావాలన్నా నేనే వెళ్ళి తీసుకురావాలి!" తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వులో కోపం లేదు. కోపమైనా ఉంటే తక్కెడమ్మకి కాస్త ధైర్యంగా ఉండేది. కోపంగా ఉన్నవాడు ఎక్కడో ఒకచోట తొందరపడతాడు.

సరంగు చెయ్యి చాపి మీట ఎత్తేశాడు.

మర నెమ్మదించి, మూలిగి, ఆగింది. వరండాలో రేడియో తాత ఒక్కడే ఇంకా మర హోరుని మించి అరుస్తున్నాడు. "...కూరలో ఉప్పు వెయ్యడానికి కూడా లాంచీ రావాలా అంట!" పక్కనున్న ముసలమ్మ మోచేత్తో పొడిచింది. ఆయనా ఆగాడు.

సరంగు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. తక్కెడమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది. దగ్గు లేదు. ఈల లేదు. ఇంతసేపూ దగ్గు వినబడకూడదని దండం పెట్టుకున్న మనిషి, ఇప్పుడు ఒక్కసారి వినబడితే బావుండునని దండం పెట్టుకుంది.

చివరికి సరంగే కదిలాడు. మాస్కుని వేలితో ఆవిడ వైపు తోశాడు.

"ఉంచు. పాప ఎక్కడైనా కనిపిస్తే ఇవ్వు. తండ్రిని కదత్తా. ఎంత కోపమున్నా ఊపిరి దగ్గర పంతం పట్టను."

మెట్లు దిగి, రేడియో తాత భుజం తట్టి, రేవు వైపు పోయాడు.

*

తాళం తీసేసరికి గదిలో సన్నగా మంచు కురిసినట్టుంది. డాక్టరు కుర్చీ, పోషకాహారం పోస్టర్లు, పిల్లల్ని తూచే వేలాడే సంచీ, అన్నింటి మీదా పిండి. మూలన సరంగు పెళ్ళాం గోడకి ఆనుకుని కూర్చుంది. బాగున్న చేత్తో పాప నోరు మూసి ఉంచింది. తలుపు తెరుచుకున్నాక కూడా చెయ్యి తియ్యడం మర్చిపోయింది.

"తియ్యి తల్లీ! వెళ్ళిపోయాడు, తియ్యి!"

పాప పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. మెడ దగ్గర చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి గుంటపడుతోంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కళ్ళు మాత్రం పెద్దవి చేసి చూస్తోంది.

పెరటి దోవన సిస్టరు పరుగున వచ్చింది. పాపని చూడగానే మిషను ప్లగ్గు పెట్టింది. తక్కెడమ్మ మాస్కు అందించింది.

"మందేది?" అంది సిస్టరు.

"పెట్టెలో ఉంటుంది."

ముగ్గురూ మందుల పెట్టె మీద పడ్డారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, దూది, కట్టుగుడ్డలు. సిస్టరు అడుగుదాకా తోడేసింది. పెట్టె బోర్లించింది.

"మాస్కుతో పాటే ఒకే కవర్లో పెట్టానన్నారు ఫోన్లో," అంది. "ఉట్టి మాస్కు ఏం చేసుకోను?"

తక్కెడమ్మకి అప్పుడర్థమైంది. ఊపిరి దగ్గర పంతం పట్టనన్నవాడు మాస్కు ఇచ్చి మందు ఉంచుకున్నాడు. తలుపు బద్దలు కొట్టి, పదిమందిలో అల్లరై, తీసుకుపోవలసిన అవసరం అతనికి లేదు. వాళ్ళంతట వాళ్ళే వస్తారు. వచ్చేదాకా కూర్చుంటే చాలు. ఇన్నేళ్ళలో ఎవరూ తనని ఇంత చక్కగా బేరంలో బోల్తా కొట్టించలేదు.

సిస్టరు అత్యవసర పడవకి ఫోను చేసింది. అది కాన్పు కేసు మీద మరో దీవికి పోయింది, చీకటి పడేదాకా రాదన్నారు. వేట పడవలన్నీ నడి సముద్రంలో ఉన్నాయి.

"అంతసేపు ఆగదు పిన్నీ," అంది సిస్టరు, పాప ఛాతీ మీద చెయ్యి వేసి.

అప్పుడే రేవు వైపు నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. పాడైందన్న ఇంజను. ముందుకీ వెనక్కీ పోకుండా ఉన్నచోటే ఆడుతోంది.

సరంగు పెళ్ళాం లేచి నిలబడింది. "నేను పోతాను పిన్నీ."

"బుద్ధుందా? రాత్రి ఏమన్నాడో నువ్వే చెప్పావు కదే! ఈసారి దొరికితే—"

"చంపుతానన్నాడు. నన్ను. పాపని కాదు." చీర కొంగుతో పాపని చుట్టుకుంది. "మందు ఆయన దగ్గరుంది. ఇంకేం లెక్క వేస్తావు, వెయ్యి. నడుస్తూ వింటాను."

తక్కెడమ్మ లెక్క వేసింది. వేసింది గబగబా, తప్పులు దొర్లేంత గబగబా. ఒంటరి ఆడదాన్ని లాంచీలో ఎక్కించుకుంటే అతను ఏమైనా చెయ్యొచ్చు. పదిమంది ఎక్కితే ఏమీ చెయ్యలేడు. ఊళ్ళో మంచివాడన్న పేరే అతని పెట్టుబడి. దాన్ని పదిమంది ముందు నీళ్ళలో వదులుకోడు.

"సిస్టరూ, ఆక్సిజన్ సిలిండర్ తీసుకుని రేవుకి రా. పరుగెత్తు." వరండాలోకి పోయి చేతులు చరిచింది. "లేవండి, లేవండి! అందరూ లాంచీ ఎక్కండి!"

"అన్నం మధ్యలోనా?" అన్నాడు రేడియో తాత.

"తిన్నది చాలు! పాపకి ప్రాణం మీదికొచ్చింది, సాయం రండి!"

ఎందుకు, ఎలా అని వాళ్ళు అడగలేదు. ఒకరు కర్ర వెతుక్కున్నారు. ఒకరు చెప్పులు వెతుక్కున్నారు. ఒకరి మోకాలు పట్టేసింది. తక్కెడమ్మ ఫోను నడుముకి దోపుకుని, మిషను చంకన పెట్టుకుని, సరంగు పెళ్ళాం భుజం పట్టుకుని ముందు నడిచింది.

సరంగు లాంచీ అంచు మీద నిలబడి ఉన్నాడు. వాళ్ళని చూడగానే అతని మొహం నిజంగానే పాలిపోయింది. చెయ్యి చాపి పాపని అందుకున్నాడు. "నా తల్లే, నా బంగారమే," అంటూ లాంచీ గదిలోకి తీసుకుపోయి బెంచీ మీద పడుకోబెట్టాడు. చొక్కా లోపలి నుంచి మందు తీశాడు. మూత అతనే తుంచాడు. వెనకే ఎక్కిన తక్కెడమ్మకి ప్లగ్గు అతనే చూపించాడు. చేపబొమ్మ మాస్కులో పొగ నిండింది. సరంగు పెళ్ళాం మోకాళ్ళ మీద కూలబడి ఆ పొగ వైపే చూస్తోంది.

మొగుడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"మాతో ఇంకా జనం వస్తున్నారల్లుడూ," అంది తక్కెడమ్మ గుమ్మం దగ్గర నిలబడి. "సిస్టరు కూడా వస్తోంది. కాస్త ఆగు."

"ఆగకుండా ఎలా ఉంటానత్తా," అన్నాడు సరంగు, బయటికి నడుస్తూ.

రేవు పొడుగునా ముసలివాళ్ళు ఒకరినొకరు పట్టుకుని వస్తున్నారు. రేడియో తాత అందరికంటే ముందున్నాడు, కర్ర ఊపుతూ, ఏదో అరుస్తూ. వెనక సిలిండరు ఈడ్చుకుంటూ సిస్టరు. ఇంకో నిమిషం చాలు.

ఆవిడ కాలి కింద చెక్క కదిలింది.

తాడు అప్పటికే విప్పేసి ఉంది. ఎప్పుడు విప్పాడో చూడలేదు. లాంచీకీ రేవుకీ నడుమ మూరెడు నీళ్ళు. చూస్తుండగానే అవి రెండు బారలయ్యాయి. రేడియో తాత చివరి మెట్టు మీద ఆగిపోయాడు. చాపిన కర్ర లాంచీని అందుకోలేదు.

"ముసలివాళ్ళకి సముద్రం పడదత్తా. ఒళ్ళు తిప్పుతుంది," అన్నాడు సరంగు చుక్కాని దగ్గర్నుంచి. ఎడమచెయ్యి వెనక్కి చాపాడు. "ఆ ఫోను ఇలా ఇవ్వు. తడిసిపోతుంది."

తక్కెడమ్మ ఫోనుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. గదిలో పాప ఈల నెమ్మదించింది. పెదాలకి రంగు తిరిగొస్తోంది. ఆవిడ తల తిప్పి అవతలి ఒడ్డు కోసం చూసింది. పెద్దాసుపత్రికి పోయే లాంచీకి ఆ ఒడ్డు ఎదురుగా ఉండాలి. అది వెనకుంది. చిన్నదవుతోంది.

ముందు నీళ్ళు తప్ప ఏమీ లేవు.